పాపాయి మెదడులో ఉప్పు లెక్క

ఈ నెల ముచ్చట్లలో ఉప్పు గురించి మాట్లాడుకుందాం. బీపీ ఉంటే ఉప్పు తగ్గించాలన్న సంగతి కాదు, అది మీకు డాక్టర్లు చెప్తూనే ఉన్నారు. ఉప్పులో సోడియం, క్లోరైడ్ అని రెండున్నాయని బళ్ళో చదువుకున్నాం కదా. ఆ క్లోరైడ్ గురించి. అప్పుడే పుట్టిన పాపాయి మెదడు కణాల్లో అది ఎంత ఉంది, దాన్ని లోపలికి తెచ్చేదెవరు, బయటికి పంపేదెవరు అన్నదాన్ని బట్టే ఆ కణాలు పెరిగే తీరు, అవి కొమ్మలు వేసే తీరు నిర్ణయమవుతాయి. చంటిబిడ్డకి ఫిట్స్ వస్తే పెద్దవాళ్ళకి పనిచేసే మందు ఒక్కోసారి ఎందుకు సరిగ్గా పనిచెయ్యదో కూడా ఇక్కడే తెలుస్తుంది. ప్రతి తల్లికీ, తల్లి కాబోయే ప్రతి అమ్మాయికీ ఇది తెలిసి ఉండాలని నా కోరిక.

నేనుండేది హైదరాబాద్ ఎర్రమంజిల్‌లో. మెట్రో మెట్లు దిగి పంజాగుట్ట వైపు నడిస్తే నిమ్స్ ఆసుపత్రి వచ్చేస్తుంది. పొద్దున ఆరింటికే ఆ దారిలో చేతిలో ఫైలు కవరు, భుజాన సంచీ, ఒళ్ళో బిడ్డతో జిల్లాల నుంచి వచ్చిన ఆడవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళలో కొందరు వెళ్ళవలసింది అసలు నీలోఫర్‌కి. పెద్దాసుపత్రి అంటే నిమ్స్ అనుకుని ఇక్కడ దిగేస్తారు. "అక్కా, చిన్నపిల్లల దవాఖాన ఇదేనా?" అని అడుగుతారు. ఇక్కడినుంచి రెండో స్టేషన్ లక్డీకాపూల్‌లో దిగి రెడ్‌హిల్స్ వైపు వెళ్ళాలమ్మా అని చెప్తాను. ఆ నీలోఫర్ ఆసుపత్రి పుట్టింది కూడా ఒక తల్లి చావు వల్లే. 1949లో యువరాణి నీలోఫర్ దగ్గర పనిచేసే రఫత్ అనే అమ్మాయి పురిట్లో చనిపోయింది. ఆ దుఃఖంలోంచి యువరాణి తల్లీపిల్లలకి ప్రత్యేకంగా ఆసుపత్రి ఉండి తీరాలని పట్టుబట్టింది. 1953లో అది తలుపులు తెరిచింది. డెబ్భై ఏళ్ళు దాటినా నెలలు నిండని పిల్లలు, పుట్టగానే ఏడవని పిల్లలు ఈ చుట్టుపక్కల జిల్లాల నుంచి ఇంకా అక్కడికే వస్తున్నారు.

ఆమధ్య మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. పాప పుట్టి రెండో రోజు. పురుడు కష్టమైంది, పాప వెంటనే ఏడవలేదు. ఆ రాత్రి ఫిట్స్ వచ్చాయి. ఇంజెక్షన్ ఇచ్చారు, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం ఆగింది. ఇంట్లోవాళ్ళంతా ఊపిరి పీల్చుకున్నారు. పొద్దున డాక్టరమ్మ వచ్చి, తలకి వైర్లు పెట్టి తీసిన ఇ.ఇ.జి. చూసి, ఫిట్స్ ఇంకా నడుస్తున్నాయంది. "అక్కా, పాప హాయిగా పడుకుంది కదా, ఇంకా ఫిట్స్ ఏంటి? వీళ్ళేదో దాస్తున్నారా?" అని ఏడ్చింది. డాక్టర్లు ఏమీ దాచలేదు. పసివాళ్ళ మెదడు తీరే అంత. దానికి జవాబు కావాలంటే మొదట గాబా అనే పదార్థం దగ్గరికి వెళ్ళాలి.

మన మెదడులో ఉన్నవి దాదాపు 8600 కోట్ల నాడీకణాలు. అవి ఒకదానికొకటి రసాయనాలతో కబుర్లు పంపుకుంటాయి. కొన్ని రసాయనాలు 'కదులు' అంటాయి, కొన్ని 'ఆగు' అంటాయి. పెద్దవాళ్ళ మెదడులో 'ఆగు' అని చెప్పేవాటిలో ముఖ్యమైనది గాబా. మెదడులో గాబా ఉందని 1950లో బయటపడింది. ఈ ఆపే పని లేకపోతే మెదడంతా ఒకేసారి చెలరేగిపోతుంది, అదే మూర్ఛ. నిద్రమాత్రలూ, ఫిట్స్ మందుల్లో చాలా రకాలూ, ఆపరేషన్ ముందు ఇచ్చే మత్తుమందుల్లో చాలామటుకూ ఈ గాబాకే బలం పోసి పనిచేస్తాయి.

అయితే గాబా తనంత తాను ఆగమనీ చెప్పదు, కదలమనీ చెప్పదు. అది వచ్చి కణం గోడలో ఉన్న ఒక ద్వారాన్ని తెరుస్తుంది, అంతే. ఆ ద్వారంలోంచి ముఖ్యంగా పోయేది క్లోరైడ్. చెరువు తూము తలుపు ఎత్తారనుకోండి, నీళ్ళు ఎటు పారాలన్నది తలుపు తేల్చదు, మట్టం తేలుస్తుంది. ఇక్కడ ఆ మట్టం లోపలి క్లోరైడ్ ఎంత, బయటిది ఎంత, కణంలో విద్యుత్తు ఎంత అన్నవి కలిసి తేలుస్తాయి. క్లోరైడ్‌కి ఉన్నది రుణావేశం. పెద్దవాళ్ళ నాడీకణంలో క్లోరైడ్ చాలా తక్కువ. అందుకని ద్వారం తెరవగానే బయటి నుంచి లోపలికి వస్తుంది, కణం ఇంకా రుణాత్మకమై చల్లబడుతుంది. ఇక పసికణంలో క్లోరైడ్ కొన్ని రెట్లు ఎక్కువ. అదే ద్వారం, అదే గాబా, కానీ క్లోరైడ్ బయటికి పోతుంది. రుణావేశం బయటికి పోయిందంటే కణం కాస్త ఉత్తేజపడినట్టే. మనలో 'ఆగు' అనే మాటే పాపాయిలో 'లే' అన్నట్టవుతుంది.

ఈ మట్టాన్ని పెట్టేవి రెండు ప్రోటీన్లు. పేర్లు నోరు తిరగవు గానీ ఒకసారి వింటే చాలు. మొదటిది ఎన్.కె.సి.సి.1. అది ఒక్కో విడతకి ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడ్‌లు కణంలోకి మోసుకొస్తుంది. రెండోది కె.సి.సి.2. ఒక పొటాషియంతో పాటు ఒక క్లోరైడ్‌ని బయటికి తీసుకుపోతుంది. ఇది దాదాపుగా నాడీకణాల్లోనే ఉంటుంది. కడుపులో ఉన్న బిడ్డ మెదడులో మొదటిదాని జోరు ఎక్కువ, రెండోది చాలా తక్కువ. నెలలు నిండేకొద్దీ, పుట్టాక మొదటి ఏడాదిలోనూ రెండోది పెరుగుతూ వస్తుంది. అలా పెరిగాకే గాబా మనందరికీ తెలిసిన 'ఆగు' పనిలోకి దిగుతుంది. ఎలుకపిల్లల్లో ఈ మార్పు పుట్టిన రెండో వారం నాటికి వచ్చేస్తుంది. మన పిల్లల్లో అంత త్వరగా జరగదు, పైగా మెదడులోని భాగాలన్నిటిలో ఒకేసారి జరగదు. దీన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

ఈ సంగతి ప్రపంచానికి తెలిసి మరీ ఎక్కువ కాలం కాలేదు. 1989లో ప్యారిస్‌లో యెహెజ్కెల్ బెన్-ఆరీ, ఆయన తోటివాళ్ళు ఎలుకపిల్లల మెదడులో జ్ఞాపకశక్తికి సంబంధించిన భాగాన్ని పరీక్షిస్తున్నారు. గాబా ఆ పసికణాలను ఆపడం పోయి పెద్ద పెద్ద విద్యుత్తు కెరటాలు లేపుతోందని చూశారు. పదేళ్ళ తర్వాత, 1999లో, ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో కాయి కాయిలా బృందం కారణం చెప్పింది. కె.సి.సి.2 పెరిగినప్పుడే గాబా నిలిపే శక్తి వస్తుందని, ఆ ప్రోటీన్ తయారుకాకుండా చేస్తే అది రాదని చూపించింది. కె.సి.సి.2 అసలు లేకుండా పుట్టించిన ఎలుకపిల్లలు ఊపిరి తీసుకోలేక పుట్టగానే చనిపోయాయి. దీన్నిబట్టే చూడండి, ఇది ఎంత పెద్ద పని చేస్తోందో.

ఇప్పుడు నా మనసుకి బాగా దగ్గరైన భాగానికి వస్తాను. చాలామంది 'అయితే పసిమెదడు ఇంకా తయారుకాలేదు, లోపంతో ఉంది, అందుకే తిరగబడి పనిచేస్తోంది' అనుకుంటారు. పెద్దయ్యాక వచ్చేదే సరైనదనీ అంతకుముందుది తప్పనీ అనుకోవడం మనకి అలవాటు. నేను ఒప్పుకోను. ఆ ఉత్తేజం ఆ వయసులో అవసరం కాబట్టే ఉంది. గాబా ఆ 'లే' అన్నప్పుడల్లా కణంలోకి కొంచెం కాల్షియం వస్తుంది. ఆ కాల్షియంతోనే కణం పెరుగుతుంది, కొమ్మలు వేస్తుంది, ఇరుగుపొరుగు కణాలతో చేతులు కలుపుతుంది.

దీన్ని నమ్మకంగా చెప్పడానికి ప్రయోగాలున్నాయి. 2007లో ఒక పరిశోధక బృందం ఎలుకపిల్లల మెదడు కణాల్లో కె.సి.సి.2ని దాని సమయం కంటే ముందే పెట్టింది. అంటే గాబాకి 'ఆగు' అనే పెద్దరికం తొందరగా ఇచ్చారన్నమాట. త్వరగా పెద్దయితే మంచిదే కదా అనిపిస్తుంది. జరిగింది వేరు. ఆ కణాల కొమ్మలు పొట్టివయ్యాయి, చీలికలు తగ్గాయి. ఇంకో పక్క, క్లోరైడ్‌ని లోపలికి తెచ్చే ఎన్.కె.సి.సి.1ని పసికణాల్లో అణచివేసి చూసినవాళ్ళకీ అలాంటిదే కనిపించింది. కణాల కొమ్మలు సరిగ్గా ఎదగలేదు, ఒకదానికొకటి కట్టుకోవలసిన బంధాలు సరిగ్గా పడలేదు. ఎదిగిన ఎలుకల మెదడులో కూడా జ్ఞాపకాలకి సంబంధించిన ఒక చోట కొత్త కణాలు పుడుతుంటాయని తెలుసు. 2006లో చూస్తే ఆ కొత్త కణాలు కూడా ఎదిగేటప్పుడు ఈ బాటలోనే నడుస్తున్నాయి. ముందు క్లోరైడ్ నిండుగా, తర్వాత ఖాళీగా.

కె.సి.సి.2 చేసే ఇంకో పని వింటే నాకైతే చాలా సంతోషం వేసింది. కణాల కొమ్మల మీద చిన్న చిన్న బొడిపెలుంటాయి, పక్క కణం నుంచి కబురు అందుకునేది అక్కడే. కె.సి.సి.2 లేని కణాల్లో ఆ బొడిపెలు సరైన ఆకారం రాక, సన్నగా పొడుగ్గా సాగిపోయి ఉన్నాయి. అప్పుడు శాస్త్రవేత్తలు క్లోరైడ్‌ని అసలు మోయలేని, కత్తిరించిన కె.సి.సి.2ని ఆ కణాలకి ఇచ్చారు. బొడిపెలు బాగుపడ్డాయి! అంటే ఇది క్లోరైడ్‌ని మోసుకుపోవడంతో ఆగలేదు. కణం లోపలి అస్థిపంజరంలాంటి పోగులకి తానే అతుక్కుని ఆ బొడిపెకి ఆకారం ఇస్తోంది. మోసే పనీ కట్టే పనీ రెండూ ఒకే ప్రోటీన్ చేస్తోంది.

ఇంకోటి కూడా ఉంది. మెదడులో కొన్ని కణాలు పుట్టిన చోటే ఉండిపోవు, తమ చోటు వెతుక్కుంటూ దూరం ప్రయాణం చేస్తాయి. వాటిలో కె.సి.సి.2 పెరగగానే ప్రయాణం ఆపి అక్కడే స్థిరపడతాయని 2009లో చూశారు. ఈ ప్రోటీన్ రావడం ముందైనా వెనకైనా కణం చేరవలసిన చోటుకి చేరదు.

ఒక మాట చెప్పాలి, ఇందులో అందరిదీ ఒకే అభిప్రాయం కాదు. బతికున్న ఎలుకపిల్లల మెదడులో నేరుగా చూసినవాళ్ళు, గాబా ఒక్కో కణాన్ని కాస్త ఉత్తేజపరిచినా మొత్తం వలయాన్ని మాత్రం చాలాసార్లు అదుపులోనే ఉంచుతోందని చెప్తున్నారు. కణం ఉత్తేజపడడం వేరు, అది కేక వేయడం వేరు. కాబట్టి పసిమెదడులో గాబా ఎప్పుడూ మంట పెడుతుందని అనుకోకండి. అది మెత్తగా తట్టి లేపుతుంది, పెంచుతుంది, కొంత ఆపుతుంది కూడా.

పురుడు జరిగే ఘడియల్లో ఏమవుతుందో చెప్తాను, ఇది తల్లులకి బాగా నచ్చుతుంది. నొప్పులు రావడానికి తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ ఊరుతుంది కదా. 2006లో ఎలుకల్లో చేసిన ఒక పరిశోధన ప్రకారం తల్లి నుంచి వచ్చే ఆ ఆక్సిటోసిన్, పుట్టబోయే పిల్ల మెదడు కణాల్లో క్లోరైడ్‌ని కొంతసేపు దించేస్తుంది. అప్పుడు గాబా ఆ కాస్త సమయం 'ఆగు' అంటుంది. కణాలు నిమ్మళించి ఉంటాయి, పుట్టుక వేళ ఆక్సిజన్ తగ్గినా తట్టుకోగలుగుతాయి. తల్లి నొప్పులు పడుతూనే బిడ్డ మెదడుని కాపాడుతోందన్నమాట. ఇది ఎలుకల్లో తేలింది, మనుషుల్లో ఎంతవరకు ఇలాగే ఉంటుందన్నది వేరే ప్రశ్న. కాబట్టి నొప్పుల ఇంజెక్షన్ పెట్టించుకున్నవాళ్ళు గానీ, ఆపరేషన్‌తో కన్నవాళ్ళు గానీ దీని గురించి దిగులు పడొద్దు. బిడ్డ క్షేమంగా బయటికి రావడానికి ఏది అవసరమో డాక్టర్లు అదే చేస్తారు.

ఇక మా పిన్ని కూతురి ప్రశ్న. పుట్టిన పిల్లలకి ఫిట్స్ వస్తే ముందుగా ఇచ్చే మందు ఫీనోబార్బిటాల్. గాబాకి బలం పోసే మందే. గాబా ఇంకా పూర్తిగా 'ఆగు' అనడం నేర్చుకోని మెదడులో దాని పని అరకొరగా ఉండడం సహజం. 1999లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో ఫీనోబార్బిటాల్ ఒక్కదానితో ఫిట్స్ అదుపులోకి వచ్చినవాళ్ళు 43 శాతమే. పోలిక కోసం ఇచ్చిన ఇంకో మందు కూడా దాదాపు అంతే. 2020లో వచ్చిన ఇంకో పరిశోధనలో ఫీనోబార్బిటాల్‌తో 80 శాతం మందికి తగ్గాయి, లెవెటిరాసిటామ్ అనే ఇంకో మందుతో 28 శాతం మందికే. అంటే ఇంతకంటే మెరుగైన మొదటి మందు మన చేతిలో ఇంకా లేదు. అందుకే డాక్టర్లు దాన్నే ఇస్తున్నారు.

మరి పాప కదలడం మానేసినా ఇ.ఇ.జి.లో ఫిట్స్ ఎందుకు నడుస్తున్నాయి? పైన గుర్తుపెట్టుకోమన్న మాట ఇప్పుడు చూడండి. మెదడు కింది భాగాలు ముందు ఎదుగుతాయి, పై పొర ఆలస్యంగా ఎదుగుతుంది. ఎదిగిన కింది భాగాల్లో గాబా 'ఆగు' అంటుంది కాబట్టి మందు పనిచేస్తుంది, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం ఆగిపోతుంది. పై పొరలో మాత్రం విద్యుత్తు తుఫాను కొనసాగుతుంది. దీనికి శాస్త్రవేత్తలు చెప్పే ముఖ్యమైన వివరణ ఇదే. అందుకే డాక్టర్లు కళ్ళతో చూసి సరిపెట్టుకోక, ఆ వైర్లు పెట్టి చూస్తారు. చంటిదానికి తలనిండా వైర్లేమిటి అని మీరెవరూ అడ్డుపడకండి. ఆ పరికరం కనిపించని దాన్ని చూపిస్తోంది. ఈ మాటలు చెప్పేసరికి మా చెల్లి ఏడుపు ఆపింది, "అయితే తీయనియ్యి అక్కా" అంది.

మరి క్లోరైడ్‌ని లోపలికి తెచ్చే ఎన్.కె.సి.సి.1ని మందుతో ఆపితే పోదా? అదే ఆలోచన శాస్త్రవేత్తలకీ వచ్చింది. బ్యుమెటానైడ్ అని, మూత్రం ఎక్కువ పోవడానికి ఇచ్చే పాత మందు ఒకటుంది. అది ఈ ప్రోటీన్‌ని ఆపుతుంది. 2005లో ఎలుకల్లో ఆశ కలిగించింది. యూరప్‌లో పుట్టిన పిల్లలకి ఇచ్చి చూశారు. 14 మంది మీదే మధ్యలో ఆపేశారు, 2015లో ఫలితాలు వచ్చాయి. ఫిట్స్ మీద ప్రభావం ఉన్నట్టు తేలలేదు. పైగా బతికిన 11 మందిలో ముగ్గురికి వినికిడి పోయింది. ఈ ప్రోటీనే లోపలి చెవిలోనూ ఉంది మరి, అది లేని ఎలుకలు చెవిటివవుతాయి. మెదడులోకి ఈ మందు సరిగ్గా పోదు కూడా. తర్వాత బోస్టన్‌లో 43 మంది పిల్లల మీద ఇంకా జాగ్రత్తగా చేసిన పరీక్ష 2021లో వచ్చింది, అందులో ఫిట్స్ కొంత తగ్గినట్టు కనిపించింది. కానీ అంత చిన్న పరీక్షని నమ్మి మన ఆసుపత్రుల్లో వాడలేం. ఇంకో భయం కూడా ఉంది. ఎదిగే వయసులో ఎలుకలకి ఈ మందు ఇస్తే వాటి మెదడు వలయాలు శాశ్వతంగా మారాయని 2011లో చూశారు. పైన చెప్పినట్టు ఆ వయసులో ఆ ఉత్తేజం పెరగడానికే కదా.

ఈ మందు పేరే ఆటిజం ఉన్న పిల్లల తల్లుల నోట వింటుంటాను. మొదట ఫ్రాన్స్‌లో చేసిన చిన్న పరీక్షల్లో మేలు కనిపించింది. దాని మీద ఎంతో ఆశ పెట్టుకున్నారు. 400 మందికి పైగా పిల్లలతో చేసిన పెద్ద పరీక్షలు 2021లో ఆగిపోయాయి, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళకీ దీన్ని తీసుకున్నవాళ్ళకీ తేడా లేదు. కాబట్టి ఎవరైనా దీన్ని ఆటిజానికి రాస్తామంటే, ఏ పరీక్షలో తేలిందని అడగండి. మీ డబ్బూ బిడ్డ ఒళ్ళూ రెండూ మీవే. మాటా నడతా నేర్పే థెరపీ మానకండి. ఈ పిల్లలకి తేడా కనిపించేది రోజూ చేసే ఆ సాధనలోనే.

ఇప్పుడు ఇంట్లో చెయ్యవలసినవి. పుట్టిన పిల్లల్లో ఫిట్స్ సినిమాల్లో చూపించినట్టు ఉండవు. కళ్ళు ఒక పక్కకి తిరిగి అలాగే నిలిచిపోవడం, పెదాలు ఊరికే చప్పరించడం, సైకిలు తొక్కినట్టు కాళ్ళాడించడం, ఊపిరి ఆగి నీలంగా మారడం, ఒక చెయ్యి లయగా కొట్టుకోవడం, ఇలా ఉంటాయి. ఆ చెయ్యి మీరు మెత్తగా పట్టుకుంటే ఆగిపోతే అది మామూలు వణుకై ఉండొచ్చు. పట్టుకున్నా ఆగకుండా లోపల కొట్టుకుంటుంటే ఫిట్స్ అనుకోవాలి. వీలైతే ఫోనుతో వీడియో తియ్యండి, డాక్టరుకి మీ మాట కంటే అది ఎక్కువ చెప్తుంది. బిడ్డని పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. చేతిలో తాళం చెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం ఇవేవీ మెదడుని చేరవు. పొట్ట మీద వాతలు పెట్టించడం మరీ ఘోరం, పల్లెల నుంచి అలా కాలిన మచ్చలతో వచ్చే పిల్లలు ఇంకా ఉన్నారు. నెలలోపు బిడ్డకి ఫిట్స్ ఎంతసేపు వచ్చిందని చూస్తూ కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. ఆ సర్వీసు 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే మొదలైంది. ఆసుపత్రిలో ముందు షుగర్, కాల్షియం చూస్తారు. చాలామందిలో కారణం పురుట్లో ఊపిరి అందకపోవడం, లేదా షుగర్ పడిపోవడం, లేదా ఇన్‌ఫెక్షన్. జన్యువుల వల్ల వచ్చేవి కొద్దిమందిలోనే.

ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు జ్వరంతో వచ్చే ఫిట్స్ సంగతి వేరు. అవి ఎక్కువమందిలో వాటంతట అవే ఆగిపోతాయి. ఐదు నిమిషాలు దాటితే మాత్రం అప్పుడూ 108 పిలవాలి. పెద్దవాళ్ళ కోసం ఇంట్లో దాచిన ఫిట్స్ మాత్రని నలగ్గొట్టి చంటివాళ్ళకి పోసెయ్యకండి. పసిమెదడు మన మెదడు చిన్న సైజులో ఉన్నది కాదని ఇంతసేపు చెప్పుకున్నాం కదా.

ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. బిడ్డకి ఏదైనా అయితే మొదటి నింద కోడలి మీద పడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు పచ్చళ్ళు తిన్నావు, ఉప్పు ఎక్కువ వేసుకున్నావు, గ్రహణం చూశావు అని. ఇప్పుడు క్లోరైడ్ మాట విన్న అత్తగారు ఎవరైనా 'చూశావా, ఉప్పే' అనవచ్చు. కాదు. మీరు తినే ఆవకాయలో ఉప్పుకీ బిడ్డ మెదడు కణంలోని క్లోరైడ్‌కీ నేరుగా లంకె లేదు. రక్తంలో ఉప్పుని మూత్రపిండాలు ఒక హద్దులో ఉంచుతాయి. కణంలోపల ఎంతుండాలన్నది ఆ రెండు ప్రోటీన్లూ, వాటిని నడిపే జన్యువులూ తేలుస్తాయి. గర్భంలో బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు గురించి డాక్టరు చెప్పినట్టు వినండి, అది వేరే కారణానికి.

జన్యువుల మాట వచ్చింది కాబట్టి మన ఇళ్ళలో గట్టిగా మాట్లాడుకోవలసిన సంగతి ఇది. కె.సి.సి.2ని తయారుచేసే జన్యువు రెండు ప్రతుల్లోనూ చెడిపోతే, పుట్టిన మొదటి నెలల్లోనే ఫిట్స్ మొదలై మెదడులో చోటు మారుతూ తిరిగే ఒక తీవ్రమైన జబ్బు వస్తుందని 2015లో రెండు కుటుంబాల పిల్లల్లో కనుక్కున్నారు. చాలా అరుదు, దాన్ని తలుచుకుని ఎవరూ భయపడొద్దు. కానీ ఇలా రెండు ప్రతులూ చెడితే వచ్చే జబ్బులు వేలల్లో ఉన్నాయి. అవి మేనరికాల్లో ఎక్కువ కనిపిస్తాయి, ఎందుకంటే తల్లికీ తండ్రికీ ఒకే తాత నుంచి ఒకే చెడిన ప్రతి వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. మన తెలుగు ఇళ్ళలో మేనబావనో మేనమామనో చేసుకోవడం ఇప్పటికీ మామూలే. అలా చేసుకున్నవాళ్ళని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఒక బిడ్డకి అలాంటి జబ్బు తేలితే తర్వాతి ప్రతి కానుపులోనూ నూటికి ఇరవై అయిదు వంతులు మళ్ళీ వచ్చే అవకాశం ఉంటుంది. దేవుడి దయ అని కళ్ళు మూసుకుని రెండో కానుపుకి వెళ్ళడం కంటే ముందే తెలుసుకోవడం మేలు.

దానికి దూరం పోనక్కర్లేదు. మన నిమ్స్‌లోనే మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లో కేంద్ర ప్రభుత్వపు సి.డి.ఎఫ్.డి. సంస్థ ఇలాంటి జన్యు పరీక్షలు చేస్తుంది. మొదటి బిడ్డకి ఫిట్స్ వచ్చి కారణం తెలియనివాళ్ళు, లేదా ఆ బిడ్డ దక్కనివాళ్ళు, అన్ని కాగితాలూ జాగ్రత్త చెయ్యండి. డిశ్చార్జి కాగితం, ఇ.ఇ.జి., స్కాన్, రక్తపరీక్షలు అన్నీ. బిడ్డ పరిస్థితి చాలా విషమంగా ఉంటే, జన్యు పరీక్ష కోసం కాస్త రక్తం తీసి దాచగలరా అని డాక్టరుని అడగండి. ఆ సమయంలో అడగడానికి నోరు రాదు, నాకు తెలుసు. పక్కనున్న అక్కో అత్తో అడగాలి. తర్వాత మళ్ళీ గర్భం రాకముందే ఆ ఫైలు తీసుకుని, భర్తని వెంటబెట్టుకుని జెనెటిక్స్ డాక్టరుని కలవండి. లోపం ఏ జన్యువులో ఉందో ముందే తేలితే, పదకొండో వారం దాటాక మావి నుంచి చిన్న ముక్క తీసి కడుపులో బిడ్డకి ఆ లోపం ఉందో లేదో చెప్పగలరు. గర్భం వచ్చాక వెతకడం మొదలుపెడితే వారాలు చాలవు.